రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ స్విఫ్ట్: బాగు చేయించుకోవాలా, మార్చేయాలా?

మీటరు మీద 2,10,000 కనబడగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ‘ఇంకెన్నాళ్లు ఈ బండి, అమ్మేద్దాం’ అని ఒకరంటే, ‘ఇంజిన్ బంగారంలా ఉంది, ఎందుకు తీయడం’ అని ఇంకొకరంటారు. ఇద్దరూ మీటరు చూసే మాట్లాడుతున్నారు. అది చెప్పేది బండి ఎంత తిరిగిందన్నదే. ఎలా తిరిగిందో, ఇంకెంత తిరగగలదో దానికి తెలియదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద సాఫీగా రెండు లక్షలు తిరిగిన బండి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఫస్టు, సెకండు గేర్లలో నలిగిన 80 వేల బండి కన్నా గట్టిగా ఉండటం షెడ్డు వాళ్లకు కొత్తేమీ కాదు.

ఇక్కడ లెక్కకు తీసుకున్నది 2012 మోడల్ స్విఫ్ట్ లేదా డిజైర్ డీజిల్. 1,248 సీసీ ఇంజిన్ ఫియట్ వాళ్ల మల్టీజెట్. మారుతి దాన్ని డీడీఐఎస్ అనే పేరుతో 2007 నుంచి 2020 దాకా అమ్మింది. టాటా ఇండికా విస్టా, మాంజా, ఫియట్ పుంటో, లీనియాల్లోనూ ఇదే ఇంజిన్. అందుకే ఏ చిన్న టౌనుకు వెళ్లినా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ ఉంటాడు, సామానూ దొరుకుతుంది. పాత బండి ఉంచుకోవాలంటే కావాల్సిన ధైర్యంలో సగం అదే.

దారులు నాలుగున్నాయి. ఏమీ చేయించకుండా ఆగిపోయేదాకా తోలడం మొదటిది. ఒకసారి గట్టిగా ఖర్చు పెట్టి మరో నాలుగైదేళ్లు నడపడం రెండోది. దీన్ని అమ్మి ఇంకో సెకండ్‌హ్యాండ్ బండి కొనడం మూడోది. కొత్తది తీసుకోవడం నాలుగోది. మొదటిది చూడటానికి చౌక. కానీ రెండు మూడు వేల థర్మోస్టాట్ (కూలెంట్ వేడిని అదుపులో ఉంచే వాల్వు) మార్చడానికి బద్ధకించి, ఇంజిన్ వేడెక్కి దాని పైభాగాన్ని, అంటే హెడ్‌ను, పోగొట్టుకునేది ఆ దారిలోనే. దాన్ని పక్కన పెట్టేద్దాం.

మిగతా మూడింట్లో ఏదో తేల్చేముందు బండిని ఒక పూట చూపించాలి. అది చేయకుండా వేసే లెక్కలన్నీ గాలిలో లెక్కలే.

చల్లటి ఇంజిన్ దగ్గర మొదలుపెట్టండి

రోజూ మీ బండి చూసే మెకానిక్ దగ్గర కాకుండా వేరే షెడ్డులో చూపించండి. ‘రిపేరు చేయించడానికి కాదు, ఉంచుకోవాలా తీసేయాలా తేల్చుకోవడానికి’ అని ముందే చెప్పండి. స్కానర్ పెట్టి, లిఫ్టు ఎక్కించి చూడటానికి 1,500 నుంచి 3,000 దాకా తీసుకుంటారు. రాత్రంతా ఆగి ఉన్న బండినే చూడాలి. వేడెక్కిన ఇంజిన్ సగం రోగాలను దాచేస్తుంది.

సెల్ఫ్ కొట్టగానే చెవి ఇంజిన్ కుడి, ఎడమ కొసల మీద పెట్టండి. ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్ట్ లేదు, చైను ఉంది. ‘చైను కదా, మార్చే పనే లేదు’ అనే మాట బాగా ప్రచారంలో ఉంది. ఆ మాట నమ్మి ఇంజిన్లు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు సెకన్లు గరగరమని ఆగిపోతే టెన్షనర్ అరుగుతోందని గుర్తు, ఇంకా టైముంది. ఐడిలింగ్‌లో (బండి నిలబడి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) కూడా ఆ శబ్దం ఆగకపోతే బండిని ఊరు దాటించకండి. చైను ఒక పన్ను దూకిందంటే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి, రాకర్లు విరుగుతాయి, హెడ్ దించాల్సి వస్తుంది.

చైను ఎందుకు పోతుందో తెలియాలంటే డిప్‌స్టిక్ చూడాలి. ఈ ఇంజిన్‌లో పట్టేది సుమారు మూడు లీటర్ల ఆయిలే. లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆయిల్ తగ్గినప్పుడు వెలగదు, ప్రెషర్ పడిపోయినప్పుడు వెలుగుతుంది. అప్పటికే చైనూ, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో బేరింగులూ పొడిగా తిరిగి ఉంటాయి. బండిని మట్టమైన చోట ఆపి, పది నిమిషాలాగి, స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. నల్లగా ఉందని కంగారు పడకండి, డీజిల్ బండిలో వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడుతుంది. వేళ్ల మధ్య రుద్దితే బంకలా సాగినా, గరుకుగా తగిలినా ఆయిల్ సమయానికి మార్చలేదని అర్థం. లెవల్ తగ్గాల్సింది పోయి పైకి పెరిగి డీజిల్ వాసన కొడుతుంటే, డీజిల్ కారి ఆయిల్‌లో కలుస్తోంది. 5,000 కి.మీ.కు ఒక లీటరు తాగే ఇంజిన్‌ను టాపప్ చేసుకుంటూ నడపొచ్చు. వెయ్యికే లీటరు తాగితే పిస్టన్ రింగులు గానీ టర్బో సీలు గానీ పోయినట్టు.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, దాన్ని తలకిందులుగా అదే రంధ్రం మీద ఉంచండి. కొంచెం ఊగితే పరవాలేదు. ఆవిరి గుప్పుగుప్పున కొడుతూ మూతను ఎగరగొడితే పిస్టన్ రింగుల మీదుగా గ్యాసు కిందికి దిగుతోంది. అలాంటప్పుడు సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టు తప్పదు. నాలుగు సిలిండర్ల రీడింగుల మధ్య తేడా 10–15 శాతం దాటితే బోర్ పని (సిలిండర్లు సరిచేసి రింగులు మార్చడం) దగ్గర్లో ఉన్నట్టే.

పొగ రంగు కూడా చెబుతుంది. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తీయటి వాసనతో తెల్లపొగ వస్తుంటే కూలెంట్ లోపలికి వెళ్తోంది. నల్ల పొగను చూసి భయపడి బండి అమ్మేసేవాళ్లున్నారు. నిజానికి అన్నిట్లో చవగ్గా తేలేది అదే. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టి ఉంటుంది, లేదా టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టం చిట్లి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సుయ్‌మని గాలి పోతుంటుంది. ఈజీఆర్ శుభ్రం చేయించడానికి రెండు వేలు, గొట్టానికి మరో రెండు మూడు వేలు. ‘పికప్ పోయింది, ఇంజిన్ అయిపోయింది’ అన్న తీర్పుల్లో చాలా వాటికి మందు ఇంతే.

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు రిటర్న్ టెస్టు చేయమనండి. నాలుగు ఇంజెక్టర్లలో మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు తగిలించి రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచుతారు. మూడు సీసాల్లో సమానంగా ఉండి ఒకదాంట్లో రెట్టింపు చేరితే దోషం ఆ ఒక్కదానిదే, నాలుగూ మార్చక్కర్లేదు. ‘సెట్టు మొత్తం వేయాలి’ అన్నవాణ్ని ఈ సీసాలు చూపించమని అడగండి.

టర్బో దగ్గర గాలి గొట్టం ఊడదీసి, ఫ్యాను మధ్య ఇరుసును వేళ్లతో కదపాలి. పక్కలకు వెంట్రుకవాసి కదలిక ఉండొచ్చు, ముందుకూ వెనక్కూ అస్సలు ఉండకూడదు. గొట్టంలో తడి మామూలే, చెంచాడు ఆయిల్ నిలిస్తే మామూలు కాదు. కూలెంట్ ట్యాంకు మూత ఉదయం పూట చల్లగా ఉన్నప్పుడే తీయండి. పైన నూనె తెట్టు కట్టినా, ఇంజిన్ నడుస్తుండగా ఆగకుండా బుడగలు వస్తున్నా హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్ రెంటినీ అనుమానించాలి. క్లచ్‌కు రోడ్డు మీదే పరీక్ష: నాలుగో గేరులో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు లేచి వేగం లేవకపోతే ప్లేటు జారుతోంది.

లిఫ్టు మీద తేలేది అసలు తీర్పు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బుతో బాగయ్యేవే. తుప్పు అలా కాదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో పదేళ్లకు పైగా ఉన్న బండి పైకి పెయింటుతో మెరుస్తూ కింద చెదలు తిన్న చెక్కలా ఉండొచ్చు. జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింద ఉండే సిల్ ప్యానెళ్లు, స్ట్రట్ టవర్లు (ముందు షాకబ్జార్బర్ల పైకొసలు బిగించే చోట్లు), వెనక యాక్సిల్ బిగించే చోట్లు, ఫ్లోర్ అంచులు, వీటిని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొదబొదమంటుంది. పైపైన ఎర్రబారితే గీకించి ప్రైమరు, అండర్‌బాడీ కోటింగు వేయించుకోవచ్చు. స్ట్రట్ టవర్ దగ్గరో, యాక్సిల్ దగ్గరో రేకు చిల్లు పడిందంటే ఇంజిన్ ఎంత బాగున్నా ఆ బండి మీద ఇక పెద్ద ఖర్చు పెట్టకండి. అతుకు వేస్తారు, నిజమే. ప్రమాదంలో ఆ అతుకు ఏం చేస్తుందో ఎవరూ పూచీ ఇవ్వరు.

పెద్ద యాక్సిడెంటయి ఛాసిస్ లాగించిన బండికీ ఇదే మాట. వీల్ అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా టైరు ఒకవైపే అరుగుతుంటే కారణం అక్కడ వెతకాలి.

ఐదేళ్ల లెక్క

బయటి షెడ్లలో లేబరుతో కలిపి ఒకసారి గట్టిగా చేయించే పనికి సుమారు ఇలా పడుతుంది: చైను కిట్టు 18 వేలు, క్లచ్ సెట్టు 13 వేలు, ముందు వెనక సస్పెన్షన్ పని 20 వేలు, నాలుగు టైర్లు 22 వేలు, వాటర్ పంపు, థర్మోస్టాట్, గొట్టాలు, బెల్టు కలిపి 9 వేలు, బ్రేకులు 7 వేలు, బ్యాటరీ 6 వేలు, ఆయిళ్లు, ఫిల్టర్లు 7 వేలు. మొత్తం 1,02,000. అన్నీ ఒకేసారి అరిగి ఉండవు కాబట్టి చాలా బండ్లకు ఇంతకు తక్కువే అవుతుంది. కానీ లెక్క పూర్తిగానే వేద్దాం.

దీని మీద ఐదేళ్లు ఏటా సర్వీసుకు, చిల్లర పనులకు 30 వేల చొప్పున లక్షన్నర. మధ్యలో టర్బోనో, ఏసీ కూలింగ్ కాయిలో పోతుందని 40 వేలు. ఇన్సూరెన్సు ఐదేళ్లకు 40 వేలు. ఆర్‌సీ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్‌లకు 15 వేలు పక్కన పెట్టండి. ఇవాళ అమ్మితే రెండు లక్షలు వచ్చే బండి ఐదేళ్ల తర్వాత ముప్పావు లక్షకు పోతుంది, అంటే ధరలో పోయేది లక్షా పాతిక వేలు. అంతా కూడితే సుమారు 4.7 లక్షలు. నెలకు దగ్గర దగ్గర 7,900.

కొత్త బండి ఆన్‌రోడ్ 10 లక్షలనుకుందాం. 2 లక్షలు చేతి నుంచి కట్టి, 8 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 16,600, వడ్డీ ఒక్కటే 1.96 లక్షలు. ఐదేళ్ల తర్వాత సగం ధర వచ్చినా ఇంకో 5 లక్షలు పోయినట్టే. సర్వీసు, తర్వాతి నాలుగేళ్ల ఇన్సూరెన్సు, ఒక సెట్టు టైర్లు కలిపి లక్షన్నర. మొత్తం 8.5 లక్షలు, నెలకు 14 వేల పైన. ఏటా 12,000 కి.మీ. తిరిగే ఇంటికి డీజిల్ లీటరు 96, మైలేజ్ 18 వేసుకుంటే ఏడాదికి 64 వేలు. పెట్రోల్ 107, మైలేజ్ 17 వేసుకుంటే 75,500. కాబట్టి ఇంధనం వైపు నుంచి కూడా కొత్త పెట్రోల్ బండికి కలిసొచ్చేది లేదు.

సెకండ్‌హ్యాండ్ సంగతి: 5.5 లక్షల్లో 2019 పెట్రోల్ బండి, అందులో 3.5 లక్షలు 12 శాతానికి నాలుగేళ్ల లోను. వడ్డీ 92 వేలు. కొనగానే చేయించే పనికి 40 వేలు, ఏటా 20 వేల మెయింటెనెన్సు, 12 వేల ఇన్సూరెన్సు, ధరలో పోయేది 3 లక్షలు. మొత్తం 5.9 లక్షలు.

అంటే కొత్తదానికీ పాతదానికీ మధ్య ఐదేళ్లలో దాదాపు నాలుగు లక్షల తేడా ఉంది. పాతదానికీ సెకండ్‌హ్యాండ్‌కూ మధ్య తేడా లక్షా ఇరవై వేలే. ఇంజిన్ దించి బోర్ పని చేయించాల్సి వస్తే ఇంకో 80 వేల నుంచి లక్ష పడుతుంది, ఆ తేడా కూడా దాదాపు మాయమవుతుంది. కాబట్టి షెడ్డులో ‘రింగులు పోయాయి’ అన్న మాట వస్తే నిర్ణయం మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు బాడీ గట్టిగా ఉంటేనే ఇంజిన్ పని, లేదంటే అమ్మకం.

జనం తరచూ ‘రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే తీసేయ్’ అంటారు. ఆ సూత్రం మీద మాకంత గురి లేదు. పాత బండి ధర ఎలాగూ తక్కువే కాబట్టి టైర్లు, క్లచ్ వేయించినా సగం దాటుతుంది. పోల్చాల్సింది బండి ధరతో కాదు, దాని స్థానంలో వచ్చే బండికి పెట్టే ఖర్చుతో.

లెక్కకు లొంగనిది ఒకటుంది

2012 నాటి కింది వేరియంట్లలో, ముఖ్యంగా ఎల్‌డీఐలో, ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేదు. కొత్త కార్లన్నిట్లో ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019లో. పక్క సీటు ఎయిర్‌బ్యాగు ఆ తర్వాత వచ్చింది. ఏ షెడ్డులోనూ వీటిని తర్వాత బిగించలేరు. బండి ఊళ్లోనే స్కూలుకు, మార్కెట్‌కు తిరుగుతుంటే అదొక మాట. పిల్లలతో నెలకు రెండుసార్లు రాత్రిపూట హైవే ఎక్కే ఇంట్లో పైన చెప్పిన నాలుగు లక్షల తేడాను పక్కన పెట్టి మార్చుకోవడమే మేలు. పై వేరియంటు జెడ్‌డీఐ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో తెలియని రోగాలు

మీ బండి ఏ గేరులో మూలుగుతుందో మీకు తెలుసు. కొనబోయే బండి సంగతి అమ్మేవాడికి తెలుసు, మీకు తెలియదు. కాగితం మీద మధ్యస్థంగా కనబడే ఈ దారిలోనే ఎక్కువమంది దెబ్బతింటారు.

మన దగ్గర ముందు చూడాల్సింది మునిగిన బండా కాదా అని. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు, ఖమ్మం మున్నేరు వరదల్లో కార్లు నీళ్లలో మునిగాయి. అలాంటి బండిని కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి నిలబెట్టొచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత దొరుకుతుంది, దాన్ని కడగడం ఎవరికీ గుర్తుండదు. సీటు బోల్టులు తుప్పు పట్టాయా, స్టెప్నీ గుంటలో మెత్తటి ఒండ్రు ఉందా, కార్పెట్ ఎత్తితే ముక్కవాసన కొడుతోందా, ఫ్యూజు బాక్సులో పిన్నులకు ఆకుపచ్చ చిలుము పట్టిందా చూడండి. మునిగిన బండి మొదటి ఆరు నెలలు బాగానే నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో చిలుము పెరిగాక ఒకరోజు పవర్ విండో, ఇంకో రోజు ఏబీఎస్ దీపం, మరో రోజు నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగడం. ఏ ఎలక్ట్రీషియనూ దాన్ని పూర్తిగా బాగు చేయలేడు.

రెండోది మీటరు తిప్పడం. 40 వేలు చూపిస్తున్న బండికి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా, స్టీరింగ్ తోలు మెరుస్తూ, డ్రైవరు సీటు అంచు కుంగి ఉంటే నమ్మకండి. రిజిస్ట్రేషన్ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటరులో పాత రికార్డు అడిగితే ఏ తేదీన ఎంత తిరిగిందో బయటపడుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరు, లోను ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా అన్నవి కనబడతాయి.

మూడోది ఢిల్లీ బండ్లు. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షలు రావడంతో అక్కడి బండ్లు చౌకగా ఇక్కడికొస్తాయి. ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్చుకోవాలి. ఈ ఖర్చు కలిపాక అది చౌకో కాదో చూడండి.

పదిహేనేళ్ల భయం

పదేళ్ల డీజిల్ నిబంధన ఢిల్లీ చుట్టుపక్కలది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అలాంటి వయసు నిషేధం లేదు. ఇక్కడ సొంత కారు ఆర్‌సీ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2012 బండికి 2027లో. గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజును 600 నుంచి 5,000కు పెంచింది. 2025 ఆగస్టు సవరణతో ఇరవై ఏళ్లు దాటిన కారుకు 10,000 అయింది. పైన గ్రీన్ ట్యాక్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉంటాయి. తనిఖీలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు చూసేవి లైట్లు, టైర్లు, బ్రేకులు, పొగ, ఛాసిస్ నంబరు. తుప్పు పట్టి ఛాసిస్ నంబరు చదవరాకపోతే పని అక్కడే ఆగుతుంది. ముందే వైరు బ్రష్షుతో శుభ్రం చేసి గ్రీజు రాసి పెట్టుకోండి.

రెన్యువల్‌కు ఇంకో ఏడాది ఉందనగా పెద్ద రిపేరు వస్తే, ముందు తనిఖీలో గట్టెక్కుతుందో లేదో తేల్చుకుని ఆ తర్వాతే ఖర్చు పెట్టాలి. గట్టెక్కనిదైతే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్టు తీసుకోండి, కొత్త బండి ట్యాక్సులో రాయితీకి అది పనికొస్తుంది. తూకానికి కొనే వాడికిస్తే బండి ముక్కలవుతుంది గానీ ఆర్‌సీ మాత్రం మీ పేరనే మిగులుతుంది.

ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ తప్పనిసరి. 1000–1500 సీసీ కారుకు 2022 జూన్ నుంచి అమలైన రేటు ఏడాదికి 3,416, జీఎస్టీ అదనం. బండి విలువ రెండు లక్షలున్నంత కాలం, వాన పడితే నీళ్లు నిలిచే వీధిలో ఉండేవాళ్లు ఫుల్ పాలసీ తీసేయకండి.

ఉంచుకుందామనుకుంటే, ఏ వరసలో

ముందు ఆపేవి, తర్వాత నడిపేవి, ఆఖర్న మెరిసేవి. బ్రేకులు, టైర్లు మొదట. టైరు మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతున్నా ఆరేళ్లు దాటిన టైరుతో ఎండాకాలం హైవే ఎక్కకండి. రెండో వంతు రబ్బరుది: కూలెంట్ గొట్టాలు, థర్మోస్టాట్, ఆల్టర్నేటర్ బెల్టు. ఈ ఇంజిన్‌లో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. తెగితే బ్యాటరీ దీపం వెలుగుతుంది, ‘చార్జింగే కదా, ఇంటికెళ్లి చూద్దాం’ అనుకుని పది కిలోమీటర్లు తోలితే హెడ్ వంగుతుంది. ఆ దీపం వెలిగిన చోటే ఆపండి. మూడోది చైను, క్లచ్. గేర్‌బాక్సు దించినప్పుడే ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనక క్రాంక్ సీలు వేయించాలి. లేబరు ఒకటే, రెండోసారి దించితే రెండోసారి కట్టాలి. పెయింటింగు, సీటు కవర్లు చివర.

సామాను విషయంలో ప్రతిదీ కంపెనీ బాక్సులోనే కొనాలని లేదు. క్లచ్‌కు వాలియో, లూక్, ఇంజెక్టర్ సామానుకు బాష్, షాకబ్జార్బర్లకు గాబ్రియేల్, స్టీరింగ్ జాయింట్లకు రానే, బ్యాటరీకి ఎక్సైడో, మన తిరుపతి అమరాన్ బ్యాటరీయో సరిపోతాయి. చైను, టెన్షనర్, ఆయిల్ ఫిల్టర్, థర్మోస్టాట్ మాత్రం జెన్యూన్ తప్ప వేయించకండి. వీటిలో మిగిలేది వందలు, పోయేది ఇంజిన్. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్‌లలో నకిలీ బాక్సులూ జెన్యూన్ ధరకే దొరుకుతాయి. బిల్లు ఇవ్వని కొట్లో ఈ నాలుగూ కొనొద్దు. డోరు, బంపరు, హెడ్‌లైటు లాంటివి పాత సామాను కొట్లలో తెచ్చుకుంటే తప్పులేదు.

ఆ తర్వాత కంపెనీ చెప్పిన 10,000 బదులు 7,500 కి.మీ.కే ఆయిల్ మార్చండి. రెండేళ్లకోసారి కూలెంట్, బ్రేక్ ఆయిల్. కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోయడం మన దగ్గర పాత అలవాటు. బోరు నీళ్ల ఉప్పు రేడియేటర్ లోపల పొలుసు కడుతుంది. నెలకు రెండుసార్లు డిప్‌స్టిక్ చూడండి, ఈ బండికి అంతకు మించిన వైద్యం లేదు.

బండి వేరైతే

పాత ఇన్నోవా 2.5 అయితే చైను కాదు, టైమింగ్ బెల్టు. గడువు దాటించకుండా మార్చాలి, తెగితే వాల్వులు వంగుతాయి. అది తప్ప బాగు చేయించి ఉంచుకోవడానికి దానికి మించిన బండి తక్కువ. అమ్మినా ధర పలుకుతుంది. 2017తో అమ్మకాలు ఆపేసిన షెవర్లే, 2021లో ఇక్కడి మార్కెట్‌కు తయారీ ఆపిన ఫోర్డ్ బండ్లకు మామూలు సామాను దొరుకుతుంది గానీ బాడీ ప్యానెళ్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు), మీటరు క్లస్టరు దగ్గర వారాల తరబడి ఆగాల్సి రావచ్చు. వాటికి పెద్ద ఖర్చు పెట్టేముందు కావాల్సిన పార్టు చేతికొచ్చాకే బండి విప్పించండి. డీజిల్ పుంటో వాళ్లకు ఇంజిన్ సామాను స్విఫ్ట్‌దే పనికొస్తుంది, ఇబ్బందంతా రేకు దగ్గరే.

పాత పెట్రోల్ బండికి ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌తో మైలేజ్ కొంచెం తగ్గుతుంది, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉండే పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు దెబ్బతినొచ్చు. ఇంధన గొట్టాలన్నీ మార్పించడం పెద్ద ఖర్చేమీ కాదు. పెట్రోల్ వాసన వస్తుంటే ఆ పని ఇవాళే చేయించాలి.

కొత్తదే కొనాలని తేలితే, 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన సంగతి మరవకండి, పైన ఉండే సెస్సూ పోయింది. అంతకుముందు తెచ్చుకున్న కొటేషన్లు పట్టుకుని లెక్క వేయకండి. అదే కోతతో మీ పాత బండి ధర కూడా తగ్గింది. ఎక్స్ఛేంజి ఇచ్చే డీలరు చెప్పిన ధర, బయట ఇద్దరు కొనుగోలుదారులు చెప్పిన ధర పక్కపక్కన రాసుకోండి. ఎక్స్ఛేంజి బోనస్ ఎంత ఇస్తున్నాడన్నది కాదు, బోనస్ పోగా బండికి ఎంత కడుతున్నాడన్నది చూడాలి.

అమ్మేటప్పుడు డబ్బు అందిందని తాళాలు ఇచ్చేసి మరచిపోకండి. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, ఆర్‌సీ కొన్నవాడి పేరుకు మారిందని ఆన్‌లైన్‌లో చూసేదాకా పని కాలేదు. రికార్డులో పేరున్నవాడే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. తేదీ, సమయం, మీటరు రీడింగు వేసి డెలివరీ నోటు రాయించుకుని ఇద్దరూ సంతకాలు చేయండి, కొన్నవాడి ఆధార్ కాపీ తీసుకోండి. ఫాస్టాగ్‌ను అద్దం మీద నుంచి పీకేసి ఖాతా మూసేయండి. లేదంటే పంతంగి టోల్ దగ్గర అతను దాటిన ప్రతిసారీ మెసేజి మీ ఫోనుకే వస్తుంది.